ఇరవై రెండో ప్రశ్న

ఫారానికి ముప్పై అయిదు రూపాయలు.
సంచిల అరవై ఫారాలు, రెండు పెన్నులు,
ఒక బిస్కెట్ పొట్లం.
కోస్గి బస్టాండ్ల దిగి
ఎర్రగుట్టపల్లికి ఆటో ఎక్కిన.

పోయిన ఎండాకాలం
బడి గోడకు తెల్లపంచె కట్టి
ఈ ఊరికి ఈ ఊరినే చూపెట్టిన్రు.
యాభై రెండు నిమిషాల సినిమా.
పూణె బస్సు, సిమెంటు తట్ట,
రేకుల షెడ్డుల ఉడుకుతున్న జొన్న గటక,
అరుగు మీద కూసోని
అడ్వాన్సు లెక్కబెడుతున్న గుంపుమేస్త్రి చెయ్యి.

ఇప్పుడు పట్నంల ఆఫీసుకు తెలవాలె:
ఏం మారింది, ఎంత మారింది.
ఒకటి నుంచి అయిదు దాక
ఏదో ఒక అంకెకు సున్న చుట్టుమన్నరు.

మొదటి ఇల్లు తాళం.
రెండో ఇల్లు తాళం.
మూడో ఇంటి ముందు మేక,
తాడు పొడుగెంతో అంత గడ్డి మేసి
మిగిలినదాన్ని చూస్తున్నది.
నాలుగో ఇల్లు తాళం.
సినిమా చూసినోళ్ళంతా
సినిమాల ఉన్న జాగకే పోయిన్రు.
ఇంటికాడ ఉన్నోళ్ళు చూడలే;
ఆ రాత్రి వాళ్ళు పూణెల ఉండిరి.
ఫారంల 'తాళం' అన్న గడి లేదు.
'స్పందన లేదు' అన్నది ఉన్నది.
తాళంకప్పలు చూస్తుంటే
స్పందన లేనట్టు కనబడలే.

బుగ్గప్ప ఉండె, కాలు ఇరిగినందుకు.
"సినిమా చూసినంక మీ అవగాహన పెరిగిందా?"
"అవగానంటే?"
"తెలివిడి."
"ఎన్నో అంతస్తు కెల్లి పడ్డనో
సినిమాకంటే ముందే నాకెరుక," అన్నడు.
కొంచెం ఆగి నన్నే అడిగిండు,
"పట్నంల చూసినోళ్ళకు తెలిసిందా?"
ఆయన ప్రశ్నకు నా కాడ గడి లేదు.

మేస్త్రి ఆశప్ప చాయ తాపిచ్చిండు.
"సినిమాతోని మస్తు మార్పొచ్చింది, రాసుకో.
ముందుగాల అరుగు మీద లెక్కబెడుతుంటి.
ఇప్పుడు తలుపేసుకొని లోపట లెక్కబెడుతున్న."
నవ్విండు.
అయిదుకు సున్న చుట్టిన.
మార్పు ఎటు దిక్కని
ఫారం అడగదు గద.

పురుటికి వచ్చిన శివలీల
నోటుబుక్కు వెనక పేజీ చూపెట్టింది:
అడ్వాన్సు ఎంత, తారీఖు ఏంది, కోత ఎంత,
కింద ఆశప్ప సంతకం. కొట్లాడి పెట్టించుకున్నదట.
"సినిమా చూసేనా?" ఆశగ అడిగిన.
"ఉహూ. మా తమ్మునికి ఆరువేలు ఎగ్గొట్టినంక."
సినిమా ఖాతాల రాస్తే ఎవరడుగుతరు?
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళ తీసిన.

ఆఖరికి చెన్నమ్మ. కండ్లు సరిగ్గ ఆనవు.
ఇరవై రెండో ప్రశ్న:
సినిమాల మీకు గుర్తున్నదేంది?
"మా కుర్మయ్య తట్ట ఎత్తుకొని పోతడు."

నా ఫోన్ల పెట్టి ఎతికిన.
ఇరవై ఎనిమిదో నిమిషం. దూరంకెల్లి, ఎనక నుంచి.
పదకొండు సెకన్లు.
మీదికెల్లి ఒక గొంతు
తలసరి ఆదాయం గురించి చెప్తుంటది.
"ఆ రాత్రి నా పక్కనే కూసోని
'ఆ ఈపు నాదేనానే?' అని నవ్వె.
మనిషి పోయి ఎనిమిది నెలలు.
ఆధార్ల ఫోటో నల్లగ వచ్చింది బిడ్డా.
గీడ మంచిగ నడుస్తడు."

మూడోసారి చూసుడు మాని
ఫోను చెవికి పెట్టుకున్నది,
అడుగుల సప్పుడు ఇనొస్తదేమోనని.
"ఆ మాట్లాడేటాయన్ని జర ఆపరాదు," అన్నది.

ఆయన్ని ఆపుతే కుర్మయ్య కూడ ఆగుతడు.
మాట తీసేసి అడుగులు ఉంచుడు
నాకు చాత కాలే.

పొద్దుగూకింది. పంతొమ్మిది ఫారాలు.
ఇరవై రెండో గడిల
'పదకొండు సెకన్లు' అని రాసిన.
ఆఫీసుల ఎవరో పొరపాటనుకొని కొట్టేస్తరు,
లేకుంటే సగటు తీస్తరు.

ఆఖరి బస్సు పోయింది.
ఆశప్పనే బండి మీద కోస్గి దాక దింపిండు.
తొవ్వ పొడుగునా ఏం మాట్లాడలే.
మైలురాయి కాడ ఒక్కసారి,
"సోమవారం బస్సున్నది. పద్దెనిమిది మంది," అన్నడు,
నాతోనో, లెక్క తప్పిపోకుండ తనతోని తనో.